24 మాటల కాగితం



క్రిప్టో మీద మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పు గురించి కిందటి ఉత్తరంలో నాలుగు ముక్కలు రాశాక, వచ్చిన జాబుల్లో చాలావాటిలో ఒకే ప్రశ్న: "ఎక్స్ఛేంజిలో కాకుండా మా కాయిన్లు మా దగ్గరే పెట్టుకోవడం ఎలా?" తిరువళ్లూరు నుంచి రోజూ లోకల్ రైల్లో చెన్నైకి వెళ్లొచ్చే కుర్రాళ్లు అడిగారు, తిరుత్తణి, పళ్లిపట్టు వైపు మరమగ్గాల ఇళ్లవాళ్లూ అడిగారు. క్రిప్టో కొనమని నేనెవరికీ చెప్పను. కొన్నవాళ్లు పోగొట్టుకోకూడదన్నదే నా తాపత్రయం.

తీర్పు తెలియనివారి కోసం మళ్లీ చెబుతాను. 2024 జూలై 18న వజీర్‌ఎక్స్ ఎక్స్ఛేంజి నుంచి దొంగలు దాదాపు 23 కోట్ల డాలర్ల విలువైన కాయిన్లు ఎత్తుకుపోయారు. పోయిన రకం తన దగ్గర లేకపోయినా ఒక మదుపరి ఖాతా కూడా స్తంభించిపోయింది. అందులో 3,532.30 ఎక్స్‌ఆర్‌పీ కాయిన్లున్నాయి. ఆ మదుపరి కేసులో క్రిప్టో కూడా ఆస్తేనని 2025 అక్టోబరు 25న జస్టిస్ ఎన్. ఆనంద్ వెంకటేశ్ తేల్చారు. మంచి మాటే. కానీ తన సొత్తు కోసం కోర్టు మెట్లెక్కాల్సి వచ్చిందంటే కారణం ఒకటే, తాళం ఇంకొకరి చేతిలో ఉంది.

ఆ తాళాన్ని మన చేతికిచ్చేదే హార్డ్‌వేర్ వాలెట్. పెన్‌డ్రైవ్ అంత ఉంటుంది. 2014లో ప్రేగ్ నుంచి ట్రెజర్, ఫ్రాన్స్ నుంచి లెడ్జర్ బజారుకొచ్చాయి. కాయిన్లు దాని లోపల ఉండవు, అవి బ్లాక్‌చెయిన్ ఖాతాలోనే ఉంటాయి. వాటిని కదిలించే రహస్య తాళంచెవి మాత్రం ఇందులో ఉంటుంది. ఎవరికైనా పంపాలంటే సంతకం ఆ పరికరం లోపలే పడుతుంది, తాళంచెవి బయటికి రాదు. అందుకే ఫోన్లో వైరస్ ఉన్నా అది దొంగ చేతికి చిక్కదు.

మొదటిసారి ఆన్ చేసి కొత్త వాలెట్ పెట్టుకునేటప్పుడు చిన్న తెరమీద ఒక్కొక్కటిగా మాటలు వస్తాయి. చాలావాటిలో 24, కొన్నిటిలో 12. ఒకటి రాసుకుని బటన్ నొక్కితే రెండోది. 2,048 మాటల పట్టికలోంచి ఏరినవి ఇవి. పరికరం పోయినా, పగిలినా, ఈ మాటలుంటే ఇంకో పరికరంలో మీ సొత్తంతా తిరిగి వస్తుంది. అవి దొరికినవాడికీ అలాగే వస్తుంది. కాబట్టి పెన్నుతో కాగితం మీదే రాయండి. ఫొటో తియ్యొద్దు, మీకు మీరే వాట్సాప్ చేసుకోవద్దు.

మన ప్రాంతం వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అందుకే ఇంట్లో తెలుగు, బడిలో తమిళం అయినవాళ్లు మనలో ఎందరో. ఆ 2,048 మాటల పట్టిక తెలుగులోనూ లేదు, తమిళంలోనూ లేదు. వినబడినట్టు తమిళ లిపిలో రాసుకుంటే క, గ లకు ఒకే అక్షరం. ఏళ్ల తర్వాత చదివేటప్పుడు ఏ మాటో తేలదు. తెరమీద ఉన్న ఇంగ్లీషు అక్షరాలనే, వరుస నంబరుతో, దిద్దినట్టు రాయండి. మొదటి నాలుగు అక్షరాలు సరిగ్గా ఉన్నా మాట దొరుకుతుంది.

పరికరం ఉంది కదా అని నిబ్బరంగా ఉండొద్దు. వజీర్‌ఎక్స్ వాళ్ల దగ్గరా హార్డ్‌వేర్ వాలెట్లున్నాయి! కంప్యూటర్ తెరమీద కనబడిందొకటి, సంతకం పడిందొకటని ఆ సంస్థే చెప్పింది. 2025 ఫిబ్రవరి 21న బైబిట్ ఎక్స్ఛేంజిలో దాదాపు 150 కోట్ల డాలర్లు పోయిందీ ఇలాంటి మాయతోనే. పంపే చిరునామాను కంప్యూటర్లో కాదు, పరికరం తెరమీదే చివరిదాకా చదవండి. అర్థంకాని అంకెల కుప్ప కనబడితే బటన్ నొక్కకండి.

కొనేటప్పుడు తయారీదారు దగ్గరో, వాళ్లు ఒప్పుకున్న అమ్మకందారు దగ్గరో కొనండి. పెట్టెలో ముందే మాటలు రాసిన కార్డు ఉంటే అది మోసమే. 2020లో లెడ్జర్ కొనుగోలుదారుల చిరునామాలు బయటపడ్డాయి. మరుసటేడు కొందరి ఇళ్లకు నకిలీ పరికరాలు పోస్టులో వచ్చాయి. అడగకుండా వచ్చినదాన్ని ముట్టుకోకండి.

పన్ను సంగతి క్లుప్తంగా: 2022 ఏప్రిల్ 1 నుంచి లాభం మీద 30 శాతం. సొంత వాలెట్లో పెట్టుకున్నంత మాత్రాన అది తప్పదు. కొన్న లెక్కలు దాచుకోండి.

కాగితం ఎక్కడుందో ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. మీకేమైనా అయితే వారసత్వ సర్టిఫికెట్ పట్టుకెళ్లి అడగడానికి ఇక్కడ ఏ బ్రాంచీ ఉండదు. భార్యకు చెప్పకుండా దాచిన కాగితం ఆమెకు చిత్తుకాగితమే. రెండో ప్రతి ఇంకో చోట, వీలైతే బ్యాంకు లాకర్లో పెట్టండి.

అంతా ఒకేసారి తరలించకండి. ముందు కొద్ది మొత్తం పంపి, పరికరాన్ని చెరిపేసి, కాగితం చూసి మళ్లీ మాటలు ఎక్కించండి. బ్యాలెన్సు తిరిగి కనబడ్డాకే మిగతాది పంపండి. ఎక్కడ తడబడ్డారో నాకు రాయండి, వచ్చే ఉత్తరంలో జవాబిస్తాను. ఆ మాటల్లో ఒక్కటైనా మాత్రం ఎవరికీ రాయకండి, నాకు కూడా.

మీ క్షేమం కోరే,
తిరుత్తణి మిత్రుడు