మదీనాగూడ సెల్లార్లో పాత పద్మిని: పెయింట్ తర్వాత, ముందు డోర్ రబ్బర్ సంగతి చూడండి

మియాపూర్ మెట్రో దిగి చందానగర్ వైపు వస్తే మధ్యలో తగిలేది మదీనాగూడ. ముంబై హైవేకి రెండు వైపులా షోరూములు, మాల్, టిఫిన్ సెంటర్లు, బిర్యానీ హోటళ్లు. రోడ్డు మీద చూస్తే అన్నీ కొత్త కార్లే. అదే హైవే వదిలి దీప్తిశ్రీ నగర్ లాంటి కాలనీల్లోకి వెళ్తే అక్కడక్కడా వేరే దృశ్యం కనబడుతుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఓ మూల, దుమ్ము పట్టిన కవర్ కింద, టైర్లలో గాలి లేని కారు. కవర్ ఎత్తితే ప్రీమియర్ పద్మినో, అంబాసిడరో, మొదటి తరం మారుతి 800నో.

నాన్న కొన్న కారు. అమ్మడానికి మనసొప్పదు, నడపడానికి ధైర్యం చాలదు. పాత సామాను వాడొచ్చి తూకం లెక్కన రేటు చెప్పి పోతాడు. అసోసియేషన్ వాళ్లు పార్కింగ్ ఖాళీ చెయ్యమంటారు. ఇంతకీ ఆ కారు బతుకుతుందా, తుక్కుకి పోతుందా అనేది ఇంజిన్ ఒక్కటే తేల్చదు. ఇంజిన్ విప్పొచ్చు, బిగించొచ్చు. బాడీ అడుగు తుప్పు పట్టి పోతే మాత్రం కథ కంచికే. ఆ తుప్పుకి దారి ఇచ్చేది చాలాసార్లు ఒక చిన్న వస్తువు, డోర్ చుట్టూ ఉండే రబ్బర్. మెకానిక్కులు బీడింగ్ అనేది కూడా దీన్నే.

ఆల్విన్ చౌరస్తా చెప్పే కథ

మదీనాగూడకి దగ్గర్లోనే ఆల్విన్ క్రాస్ రోడ్స్ ఉంది. రోజూ ఆ సిగ్నల్ దగ్గర ఆగే మనలో చాలామందికి ఆల్విన్ అంటే ఒక బస్టాప్ పేరు మాత్రమే. మీ అమ్మమ్మని అడగండి, ఫ్రిజ్ అని చెబుతుంది. హైదరాబాద్ ఆల్విన్ ఈ ఊరి సొంత కంపెనీ. 1942లో మొదలై ఫ్రిజ్‌లు, వాచీలు, బస్సు బాడీలు తయారు చేసింది. ఇదే హైవే మీద ఇంకా ముందుకెళ్తే వచ్చే జహీరాబాద్‌లో నిస్సాన్‌తో కలిసి చిన్న లారీలు కూడా చేసింది. తర్వాత ఆ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి వెళ్లింది.

ఫ్రిజ్ సంగతి ఊరికే ఎత్తలేదు. ఫ్రిజ్ తలుపు చుట్టూ ఉండే గాస్కెట్, కారు డోర్ చుట్టూ ఉండే రబ్బర్, రెండూ చేసే పని ఒకటే. తలుపు మూసినప్పుడు నలిగి, సందు లేకుండా నింపాలి. ఫ్రిజ్ గాస్కెట్ పోతే పాలు విరుగుతాయి, మనకి వెంటనే తెలుస్తుంది. కారు రబ్బర్ పోతే నీళ్లు కార్పెట్ కిందకి చేరతాయి. పైకి ఏమీ కనబడదు. ఏ రెండు వర్షాకాలాల తర్వాతో కార్పెట్ ఎత్తి చూస్తే కింద రేకు బదులు చిల్లు ఉంటుంది.

కదలని కారుకీ వయసొస్తుంది

"బండి తియ్యనే లేదు అన్నా, రబ్బర్ ఎట్ల పోతది?" అని చాలామంది అడుగుతారు. రబ్బర్ అరిగిపోయేది తక్కువ, ఎండిపోయేది ఎక్కువ. మన ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి రబ్బర్‌ని మెత్తగా ఉంచే నూనెలు మెల్లగా ఆవిరైపోతాయి. గాలిలోని ఓజోన్ సహజ రబ్బర్ అణువుల గొలుసుని తెంపుతుంది. ముందు సన్నటి గీతలు పడతాయి, తర్వాత పగుళ్లు, చివరికి వేలితో నొక్కితే బిస్కెట్‌లా విరుగుతుంది.

ఇప్పటి కార్లకి ఎక్కువగా ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బర్ వాడతారు. దీని అణువుల గొలుసులో ఓజోన్ పట్టుకునే బలహీనమైన జాగా ఉండదు, అందుకే ఎండనీ వాననీ బాగా తట్టుకుంటుంది. పాత కారుకి కొత్త రబ్బర్ కొనేటప్పుడు ఈ పేరు గుర్తుపెట్టుకుని అడగండి.

నీళ్లు రానివ్వాలి, పోనివ్వాలి

ఒక విషయం చాలామందికి తెలియదు. కారు డోర్ లోపల నీళ్లు పడటం మామూలే. కిటికీ అద్దం పక్కనుంచి కొంత నీరు డోర్ లోపలికి దిగుతుంది, దిగుతుందని తెలిసే తయారు చేశారు. అందుకే డోర్ అడుగున చిన్న కన్నాలు పెట్టారు. ఆ నీరు వాటిలోంచి బయటికి పోవాలి. ఆకులు, మట్టి చేరి ఆ కన్నాలు పూడితే డోర్ అడుగు నీళ్ల తొట్టి అయిపోతుంది. ఎంత ఖరీదైన రబ్బర్ వేసినా అప్పుడు లాభం లేదు. కొందరు తెలియక ఆ కన్నాలనే పుట్టీతో మూసేసి, పైన మెరిసే పెయింట్ కొట్టిస్తారు.

ఈ జబ్బు మన కాలనీలకి కొత్తది కాదు. చెరువులు, కుంటలు, వాటిని కలిపే నాలాలతో నిండిన నేల ఇది. నీరు పోయే దారి మూసి పైన ఎంత అందంగా కట్టినా, 2020 అక్టోబర్ 13 లాంటి వాన వస్తే హైదరాబాద్‌లో ఏమైందో చూశాం. అందుకే కొత్త రబ్బర్ కొనేముందు ఓ సన్నటి తీగ తీసుకుని నాలుగు డోర్ల కన్నాలూ శుభ్రం చెయ్యండి. పైసా ఖర్చు లేదు.

చలో పుత్లీబౌలి

పాత కారు సామాన్లకి మదీనాగూడలో తిరిగితే టైమ్ వేస్ట్. ఇక్కడ దొరికేవి కొత్త కార్ల సీట్ కవర్లు, స్పీకర్లు. మియాపూర్‌లో రెడ్ లైన్ ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో దిగండి. పుత్లీబౌలి, జాంబాగ్ అక్కడికి దగ్గరే. ఆటో స్పేర్ పార్ట్స్ దుకాణాలకి పాత పేరున్న ఏరియా.

వెళ్లేముందు మూడు పనులు చెయ్యండి. ఒకటి, పాత రబ్బర్‌ని పారెయ్యకుండా రెండంగుళాల ముక్క కోసి జేబులో వేసుకోండి. ఫోన్‌లో ఫొటో చాలదు, అడ్డంగా కోసిన ఆకారం చేతికి తగలాలి. రెండు, డోర్ చుట్టూ నూలు దారం తిప్పి పొడవు కొలుచుకోండి. మూడు, ఏయే చోట ఏ రకం ఉందో రాసుకోండి. డోర్‌కి గొట్టంలా ఉబ్బిన మెత్తటి రబ్బర్, అద్దం జారే గాడిలో లోపల మఖమల్ లాంటి పొర ఉన్న ఛానల్, ముందు వెనక అద్దాలకి గట్టి బీడింగ్, డిక్కీకి ఇంకొకటి. పద్మినికీ అంబాసిడర్‌కీ ముందు డోర్లో ఉండే చిన్న ముక్కోణపు అద్దానికి వేరే రబ్బర్ ఉంటుంది, అది మర్చిపోతే మళ్లీ మెట్రో ఎక్కాల్సిందే.

మరీ లావు రబ్బర్ తీసుకోకండి. నీళ్లు అస్సలు రావని ఆశపడి లావుది బిగిస్తే డోర్ పడదు. బలంగా కొట్టి కొట్టి మూస్తుంటే లాక్ పాడవుతుంది.

తొందరపడితే మూలలు తెరుచుకుంటాయి

పాత రబ్బర్ లాగేశాక అసలు పని మొదలవుతుంది. పాత గమ్ మొత్తం గీకెయ్యాలి. రేకు అంచు మీద తుప్పు కనిపిస్తే శాండ్ పేపర్‌తో రుద్ది, ప్రైమర్ కొట్టి, పెయింట్ వేసి, పూర్తిగా ఆరనివ్వాలి. తుప్పు మీద కొత్త రబ్బర్ వెయ్యడమంటే గాయం కడగకుండా కట్టు కట్టడమే.

రబ్బర్‌ని లాగుతూ బిగించకండి. ఇదే అన్నిటికంటే ముఖ్యం. లాగి అతికిస్తే అప్పటికి చక్కగా కనబడుతుంది, కొన్నాళ్లకి ముడుచుకుని మూలల్లో సందు వదులుతుంది. మూలల దగ్గర కాస్త ఎక్కువే లోపలికి నెట్టాలి. డోర్ అడుగు మధ్యలో మొదలుపెట్టి చుట్టూ తిప్పి అక్కడికే తీసుకురండి. చివర అర అంగుళం ఎక్కువ ఉంచి కోసి, రెండు కొసలనీ ఒకదానికొకటి ఒత్తి కలపండి. ముందు అద్దం బీడింగ్ మాత్రం అనుభవం ఉన్న చేతికే ఇవ్వండి. రబ్బర్ గాడిలో తాడు పెట్టి, సబ్బునీళ్లు రాసి, లోపలినుంచి తాడు లాగుతూ అద్దాన్ని కూర్చోబెడతారు. చూడ్డానికి భలే ఉంటుంది, చెయ్యి తిరగనివాళ్లు చేస్తే అద్దం పగులుతుంది.

బిగించాక ఒక కాగితం ముక్క డోర్ సందులో పెట్టి మూసి లాగండి. బిగువుగా వస్తే సరే, జారిపోతే అక్కడ సందు ఉన్నట్టే. నాలుగు వైపులా ఇలాగే చూడండి. తర్వాత ఒకరు టార్చితో లోపల కూర్చుంటే, ఇంకొకరు పైపుతో కిందినుంచి పైకి మెల్లగా నీళ్లు పట్టాలి. ఒకేసారి పైనుంచి పోస్తే ఎక్కడ కారుతోందో తెలియదు.

యాభై దాటితే గౌరవం వేరు

మీ సెల్లార్లోని కారు మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిందా? 2021లో కేంద్రం తెచ్చిన రూల్స్ ప్రకారం దాన్ని వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. రెన్యువల్‌కి 5,000. ఒక షరతు ఉంది. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. రోజువారీ తిరగడానికి కూడా వాడకూడదు. అంటే బాడీ తుప్పు పట్టకుండా కాపాడుకోవడం ఇప్పుడు ఇష్టమే కాదు, అవసరం కూడా.

జూన్ వాన మొదలవక ముందే ఒక ఆదివారం కవర్ ఎత్తండి. డోర్ తీసి, చుట్టూ రబ్బర్ మీద వేలు నొక్కుతూ రండి. మెత్తగా వెనక్కి వస్తే తడిగుడ్డతో తుడిచి వదిలెయ్యండి. విరిగి చేతిలోకి వస్తే ఆ ముక్కని జేబులో వేసుకుని మెట్రో ఎక్కండి.