షట్టరు కూలిన ఉదయం

2019 జూలైలో ఒక ఉదయం. దంతెవాడలో రాత్రంతా కురిసిన వాన అప్పుడే వెలిసింది. ఇంటి ముందరి కారు గది షట్టరును కోడలు ఛాతీ ఎత్తువరకు లేపి, స్కూటరు తాళపుచెవి కోసం లోపలికి వెళ్ళింది. ఆరేళ్ళ మనుమడు తన సైకిలును గుమ్మంలోనే విడిచి, వాకిట నిలిచిన నీటిలో కాగితపు పడవ వదలడానికి రెండడుగులు ముందుకు వేశాడు. అతని వెనుక తుపాకి పేలినట్లు ఒక్క చప్పుడయింది. మరుక్షణమే ఇనుప పట్టీలన్నీ ఘల్లుమంటూ జారి నేలను ఢీకొన్నాయి. సైకిలు వెనుక చక్రం అప్పడంలా నలిగిపోయింది. పిల్లవాని మడమకూ షట్టరు అంచుకూ నడుమ మిగిలిన దూరం జానెడు.

ఆ ఊరిలో ఆ రోజులలో అటువంటి చప్పుడును ఎవరూ తేలికగా తీసుకొనేవారు కారు. ఇరుగుపొరుగు తలుపులు ముందుగా మూసుకొన్నాయి, కొంతసేపటికి ఒక్కొక్కటిగా తెరచుకొన్నాయి. విరిగినది షట్టరు స్ప్రింగని తెలిసిన తరువాత కొందరు నవ్వారు కూడా. నవ్వలేనివాడు ఆ ఇంటి పెద్ద ఒక్కడే. ఆయన అరుగుమీద కూర్చుండిపోయి, నలిగిన చక్రాన్ని చాలసేపు చూస్తూ ఉండిపోయాడు.

ఆయన యంత్రాలు తెలియని మనిషి కాదు. విజయనగరం ప్రాంతం నుండి కొత్తవలస-కిరందుల్ రైలు మార్గం వెంబడి బస్తరుకు వచ్చిన వందలాది తెలుగు కుటుంబాలలో ఆయనదీ ఒకటి. ఎద్దు మూపురాన్ని పోలిన కొండలు కనుక వాటికి బైలాడిల్లా అని పేరు వచ్చిందంటారు. ఆ కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు, అక్కడి నుండి జపానుకు చేర్చడానికే ఆ రైలు మార్గం పుట్టింది. కిరందుల్ గని 1968లోను, బచేలి గని 1977లోను పనిచేయడం ఆరంభించాయి. ఆ 1977లోనే ఆయన బచేలిలో మెకానిక్కుగా చేరాడు. కొండమీది ఖనిజాన్ని క్రిందికి దింపే కన్వేయరు బెల్టుల సంరక్షణ ఆయన పని. ఏ రోలరుకు ఏ తేదీన గ్రీజు పెట్టాలో, ఏ బేరింగు మూలుగు ఎన్నాళ్ళకు కేకగా మారుతుందో ఆయనకు చెవితోనే తెలిసేది. పని పూర్తికాగానే ఆ యంత్రం ఒంటిమీదనే సుద్దముక్కతో తేదీ వ్రాసేవాడు. ముప్ఫైయయిదేళ్ళు ఆ తేదీలు తప్పలేదు.

2012లో పదవీ విరమణ చేసి దంతెవాడలో ఇల్లు కట్టుకొన్నప్పుడు, కారు గదికి కొయ్య తలుపులు వద్దని షట్టరు పెట్టించినదీ ఆయనే. అటుపిమ్మట ఏడేళ్ళు దానివైపు కన్నెత్తి చూడలేదు. ఆఫీసు ఫైలును కంటికి రెప్పలా కాచే గుమాస్తాకు సొంత ఇంటి పన్ను రసీదు ఎక్కడ ఉన్నదో తెలియదు. ఇదీ ఆ కోవలోనిదే.

షట్టరును మనం తలుపు అనుకొంటాము. నిజానికది యంత్రం. ఎనిమిదడుగుల ఎత్తు, ఎనిమిదడుగుల వెడల్పు గల ఉక్కు షట్టరు చాల బరువు తూగుతుంది. అంత బరువును ఒక గృహిణి ఒంటిచేతితో ఎత్తగలుగుతున్నదంటే, ఎత్తుతున్నది ఆమె చేయి కాదు. పైన రేకు డబ్బాలో, పట్టీలు చుట్టుకొనే గొట్టంలో దాగియున్న స్ప్రింగులు. షట్టరు దిగుతున్నప్పుడు అవి బిగిసి శక్తిని కూడబెట్టుకొంటాయి. లేస్తున్నప్పుడు దానిని తిరిగి ఇస్తాయి. బెల్టు బిగువును నిలపడానికి కన్వేయరుకు బరువులు వ్రేలాడదీసిన మనిషికి ఈ కిటుకు వేరే చెప్పనక్కరలేదు. అయితే ప్రతి బిగింపుతోను, ప్రతి సడలింపుతోను ఉక్కు కొంచెం అలసిపోతుంది. పైకి ఏ గుర్తూ కనబడదు. ఒకనాడు విరుగుతుంది.

ఆ మధ్యాహ్నం ఆయన పాత డైరీ తీసి లెక్క వేశాడు. అమెరికాలో కారు గది తలుపుల స్ప్రింగులను సాధారణంగా పదివేలసార్లు తెరచి మూయడానికి సరిపడేటట్లు తయారుచేస్తారని ఎప్పుడో చదివియున్నాడు. తన ఇంటిలో కొడుకు ఉద్యోగం, కోడలి పాఠశాల, మనుమని బడి, సాయంకాలపు బజారు: ఎంత తక్కువ అనుకొన్నా రోజుకు నాలుగుసార్లు. సంవత్సరానికి 1,460. ఏడేళ్ళకు 10,220. ఆ అంకె క్రింద ఆయన రెండు గీతలు గీశాడు.

గీదం నుండి వచ్చిన మెకానిక్కు కుర్రవాడు నిచ్చెన ఎక్కి రేకు డబ్బా విప్పగానే ఎర్రని తుప్పు పొడి రాలింది. “బాబూజీ, దీనికి ఎప్పుడైనా నూనె చూపించారా?” అని అడిగాడు. ఆయన జవాబు చెప్పలేదు. తాను నిచ్చెన ఎక్కబోతే కుర్రవాడు వారించాడు. వారించడం న్యాయమే. రెండు స్ప్రింగులలో ఒకటి విరిగినా రెండవది బిగిసియే ఉంటుంది. సరియైన పనిముట్టు లేకుండా దానిని విప్పితే చేయి విరుగుతుంది, ముఖానికి తగిలితే అంతకన్న ఘోరం. షట్టరుకు సంబంధించి ఇంటివారు ఎన్నడూ చేయరాని పని ఏదైనా ఉన్నదంటే అది ఇదే. కుర్రవాడు రెండు స్ప్రింగులనూ మార్చాడు. ఒకే రోజున పుట్టినవాటిలో ఒకటి పోయిన తరువాత రెండవదానిని నమ్మడం తెలివి కాదు.

విద్యుత్తుతో నడిచే తలుపులకు ఈ ప్రమాదం లేదనుకోవడం కూడ పొరబాటే. అమెరికాలో అటువంటి తలుపుల క్రింద చిన్నపిల్లలు నలిగి మరణించిన తరువాతనే అక్కడి ప్రభుత్వం మేలుకొన్నది. 1993 జనవరి 1 నుండి తయారయ్యే ప్రతి ఇంటి యంత్రానికి, దారిలో ఎవరైనా ఉంటే కనిపెట్టి తలుపును వెనుకకు మళ్ళించే ఏర్పాటు తప్పనిసరి చేసింది. ఆ ఏర్పాటునైనా నెలకొకసారి నేలమీద కొయ్యముక్క పెట్టి పరీక్షించవలసినదే. కొయ్యను తాకగానే తలుపు తిరిగి పైకి లేవాలి. లేవకపోతే, అది బాగుపడేవరకు యంత్రాన్ని వాడరాదు.

రాత్రి భోజనాల తరువాత కోడలు గిన్నెలు సర్దుతూ, “పోనీయండి మావయ్యగారూ, ఇనుము విరుగుతుందని ఎవరికి తెలుస్తుంది!” అన్నది.

“నాకు తెలుసునమ్మా” అన్నాడు ఆయన.

ఆమె ఆగిపోయింది. ఉగాది వెళ్ళిన కొత్తలోనే షట్టరు మూలుగుతున్నదనీ, మునుపటికన్న బరువుగా లేస్తున్నదనీ ఆమె మామగారితో చెప్పింది. ఒకసారి కాదు, మూడుసార్లు. “ఎండకు ఇనుము సాగుతుంది, వానలు పడితే అదే సర్దుకొంటుంది” అని ఆయన తేల్చివేశాడు. ఇనుము గురించి తనకు ఒకరు చెప్పడమా అన్న భావం ఆ మాటలో లేకపోలేదు. నిజానికి ఆ మూలుగు ఆయనకూ వినిపించింది. బచేలిలో అటువంటి మూలుగు వినిపించియుంటే ఆ పూటే బెల్టు ఆపించేవాడు. “నువ్వు చెప్పావు. నేను విన్నాను. వినికూడా ఊరకున్నాను” అన్నాడు. ఆమె ఏమీ అనలేదు. ఇంకా కడగవలసిన గిన్నె ఒకటి చేతిలోనే ఉండిపోయింది. అవతలి గదిలో పిల్లవాడు తాతయ్య పక్కమీదనే నిద్రపోయియున్నాడు.

తరువాతి నెల మొదటి ఆదివారం ఆయన నూనెడబ్బాతో కారు గదిలోకి వెళ్ళాడు. వెంట కోడలిని పిలిచాడు. పని అరగంటకు మించదు. ముందు కళ్ళతో చూడడం: పట్టీలు వంగాయా, చివరలు పక్క గైడులలోనుండి బయటికి వస్తున్నాయా, గోడలోని మేకులు వదులయ్యాయా అని. తరువాత కిరసనాయిలులో తడిపిన గుడ్డతో గైడుల లోపల పేరుకొన్న మట్టిని తుడవాలి. గైడులలో గ్రీజు దట్టంగా పూయడం చాలమంది చేసే తప్పు. దుమ్ము దానికి అంటుకొని రెండు నెలలలో రుబ్బురాతిలోని పిండిలా తయారవుతుంది. దానికి బదులు కొవ్వొత్తి మైనాన్ని రుద్దితే చాలు. గ్రీజు కావలసినది పైనున్న బేరింగులకు. అది సంవత్సరానికొకసారి మెకానిక్కు వచ్చినప్పుడు. వాన నీరు నిలిచేది అడుగు పట్టీ వద్ద కనుక తుప్పు అక్కడే పుడుతుంది. దానిని గీకి, రెడ్ ఆక్సైడు పూసి, పైన రంగు వేయాలి. బస్తరు వర్షాకాలానికి ముందు ఈ పని తప్పించుకొన్నవాడు దీపావళికి కొత్త పట్టీ కొనుక్కోవలసి వస్తుంది.

చివరిది తూకపు పరీక్ష. క్రింద ఎవరూ లేకుండా చూసుకొని, షట్టరును నడుము ఎత్తువరకు లేపి, అరచేతులను దూరం చేయకుండా పట్టు మాత్రం సడలించాలి. కదలక నిలిస్తే స్ప్రింగు బాగున్నట్లు. తనంత తానే జారితే బలం ఉడిగినట్లు. పైకి ఎగబ్రాకితే అతిగా బిగించినట్లు. జారినా, ఎగబ్రాకినా, షట్టరు దించివేసి మెకానిక్కును పిలవడమే. ఇకమీదట షట్టరును సగానికి లేపి ఎవరూ క్రిందుగా దూరరాదనీ, ఎత్తితే పూర్తిగా ఎత్తవలసినదేననీ ఆ ఇంటిలో కొత్త నియమం ఏర్పడింది.

ఆ పరీక్షను ఆయన ఒకసారి చేసి చూపి ప్రక్కకు తప్పుకొన్నాడు. కోడలు చేసింది. షట్టరు కదలలేదు. ఆయన జేబులోనుండి సుద్దముక్క తీసి, షట్టరు లోపలివైపు, కంటికి ఆనే ఎత్తున తేదీ వ్రాశాడు.

ఈ పదేళ్ళలోపు కథలో సైకిలు ఇంకా ఆ గది మూలనే ఉన్నది. చక్రం మార్పించారు కాని, పిల్లవాడు పొడుగై దానిని దాటిపోయాడు. షట్టరు లోపలి తేదీల వరుసలో మొదటివి కుదురైన పాతకాలపు అంకెలు. కొన్నింటి తరువాత వ్రాత మారుతుంది. అవి పాఠశాల నల్లబల్ల మీద వ్రాసే చేతి అంకెలు. వాటి ప్రక్కన, మరికొంత క్రిందుగా, బాలుని ఎత్తుకు అందే చోట, వంకరటింకరగా ఇంకొకరి వ్రాత.