రంగు కింద పని

మేస్త్రి బండి చుట్టూ తిరిగి చూడలేదు. నేరుగా ఎడమ తలుపు దగ్గరికి వచ్చి, భుజం మీది పలచటి నూలుగుడ్డ తీసి రేకు మీద పరిచి, దాని మీద అరచెయ్యి ఆనించాడు. వేళ్లు చాపి, ఏమాత్రం నొక్కకుండా, హ్యాండిల్ దగ్గర్నుంచి కిందికి, అక్కణ్ణుంచి అడ్డంగా ముందు చక్రం వైపు చెయ్యి లాగాడు. ఒకచోట ఆగాడు. "ఇక్కడ లప్పం పూశారు. మందంగానే పూశారు" అన్నాడు. నాకక్కడ తెల్లరంగు తప్ప ఏమీ కనబడలేదు. జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి ఆ చోట పెట్టాడు. జారి కిందపడింది. జానెడు ఇవతల పెడితే టక్కున అతుక్కుంది.

గుడ్డ ఎందుకని అడిగాను. వట్టి చేతికి చెమట పట్టి రేకుని పట్టేస్తుందట. గుడ్డ ఉంటే చెయ్యి నిలవకుండా జారుతుంది, ఎత్తుపల్లాలు మాత్రమే వేళ్లకు అందుతాయి. "కంటికి వెలుగు కావాలి సార్. చేతికి అక్కర్లేదు" అన్నాడు. ఆ తర్వాత నేను ఎటు వెళ్లినా నా చూపు ఆ చేతుల మీదే ఉండిపోయింది. గోళ్ల చుట్టూ ప్రైమర్ ఇంకి నల్లబడి, సుత్తి దెబ్బలకి బొటనవేలు కాస్త చదునెక్కి, అరచెయ్యి మాత్రం ఎమరీ పేపరు రుద్దీ రుద్దీ నునుపుతేలి ఉంది.

అక్కడికి నేను మా బాబాయి కోసం వెళ్లాను. ఆయనది నూజివీడు దగ్గర మామిడి తోట. ఆయన టాటా 207 పికప్ వేసవిలో నున్న మార్కెట్‌కి కాయ తోలుతుంది. మిగతా రోజుల్లో ఎరువుల బస్తాలు, గడ్డి, డీజిల్ ఇంజను, ఊళ్లో పెళ్లయితే వంటపాత్రలు. ఇంజను ఇంకా గట్టిగానే ఉంది. పైరూపమే పాడైంది. "ఒరేయ్ అబ్బాయ్, కాయ దిగేలోపు బండికి కొత్త రంగు కొట్టించాలి. ముందుకి మంచి బంపరు, గ్రిల్లు, ఇనప గార్డు, పక్కలకి స్టీలు పట్టీలు. నువ్వు బెజవాడలో ఉన్నావుగా, వచ్చి కాస్త మాట్లాడిపెట్టు" అని ఫోన్ చేశాడు. పిందె పట్టిన వేళ అది. నెలలో కాయ బరువెక్కుతుంది, ఆ తర్వాత బండికి ఖాళీ దొరకదు.

బెజవాడ ఆటోనగర్‌లో చూడాల్సినవి చాలా ఉన్నాయి. 1960ల్లో మొదలైన ఆ పేట ఇవాళ లారీ బాడీలకు, ఇంజను పనులకు, పాత సామాన్లకు దేశమంతా పేరుపడింది. ఒక వీధిలో చెక్క కోస్తుంటారు, ఇంకో వీధిలో కమాన్లు కాలుస్తుంటారు. వాటి గురించి ఎవరైనా రాయొచ్చు. నేను మాత్రం నలుగురు పనిచేసే ఒక టింకరింగ్ షెడ్డులో, ఒక తలుపు ముందు నిలబడిపోయాను.

మేస్త్రి ఆ లప్పం ఉన్నచోట గీకుడు రేకుతో గీశాడు. తెల్లరంగు పొర అప్పడంలా లేచింది. దాని కింద బూడిదరంగు సర్ఫేసర్, దాని కింద మీగడరంగు లప్పం, లప్పం వెనక తడి తుప్పు. కొన్నేళ్ల కింద ఎక్కడో తక్కువలో చేయించిన పని అది. చేసినప్పుడు అద్దంలా ఉందని బాబాయే చెప్పాడు. రెండు వానాకాలాలు గడిచేసరికి తలుపు అంచున బొబ్బలు లేచాయి. మేస్త్రి దాన్ని తిట్టలేదు, ఎవరు చేశారని అడగలేదు. ఎలా జరిగిందో చెప్పాడు. గుంటని సుత్తితో లేపడానికి ఒక పూట పడుతుంది, లప్పంతో పూడ్చడానికి పావుగంట. హార్డెనర్ కలిపి పూసే ఈ లప్పం ఎండాక గట్టిగానే ఉంటుంది గానీ నీళ్లు పీలుస్తుంది. దాన్ని నీళ్లు పోసి వాటర్ పేపరుతో రుద్దితే ఆ తడి లోపలే ఉండిపోతుంది. పైన రంగు కొట్టి మూత పెట్టేస్తారు. ఎండకి ఆ తడి ఆవిరై రంగుని తోస్తుంది, చల్లబడితే రేకుని తింటుంది. లోడు బండి గుంతల్లో ఊగుతుంటే మందపాటి లప్పం బీటలిస్తుంది, ఆ బీటలోంచి కొత్త నీళ్లు. పొడిగా రుద్ది, పలచగా పూసి, అన్నిటికంటే ముందు వట్టి రేకుకి ఎపాక్సీ ప్రైమర్ పట్టిస్తే ఈ గొడవ లేదు. మామూలుగా వాడే రెడ్ ఆక్సైడ్ చవక, కానీ అది చెమ్మని పూర్తిగా ఆపదు. ప్రైమర్ కొట్టి పైరంగు లేకుండా వారాల తరబడి ఆరుబయట వదిలేసిన బాడీలు మళ్లీ తుప్పెక్కడం ఆటోనగర్‌లో అందరూ చూసిందే.

తర్వాత వెనక తొట్టిలోకి ఎక్కాడు. అడుగున పరిచిన రబ్బరు షీటు ఎత్తగానే పాత వరిగడ్డి వాసన కొట్టింది. మామిడికాయ దెబ్బ తినకుండా కింద పరిచే గడ్డి. నీళ్లు పోసి కడిగినప్పుడు అది నలిగి మూలల్లోకి చేరి, నీళ్లు కారే బెజ్జాలని మూసేసింది. దానికి తోడు పొటాష్. అది ఉప్పుజాతి ఎరువు, క్లోరైడు. గాలిలో చెమ్మని లాక్కుని ఇనుముని ఉప్పునీళ్లలాగే కొరుకుతుంది. చిరిగిన బస్తాలోంచి గుప్పెడు రాలి ఆ గడ్డిలో కలిస్తే చాలు. మేస్త్రి స్క్రూడ్రైవరు కొనతో మూలలో పొడిచాడు. రేకు కరకరమని లోపలికి దిగిపోయింది. బాబాయి ముఖం చూడలేకపోయాను. రోజూ తను నిలబడి బస్తాలెత్తే చోటు అది.

"అన్నగారూ, రంగు సంగతి తర్వాత. ముందు ఈ అడుగు కోసి కొత్త రేకు వెయ్యాలి. బెజ్జాలు తెరవాలి. తలుపుల అడుగంచులు, చక్రాల పైకమ్ములు కూడా అంతే" అన్నాడు మేస్త్రి.

"మరి బంపరు? గ్రిల్లు? పక్క పట్టీలు?"

అసలు చర్చ అక్కడ మొదలైంది. మేస్త్రికి అలంకారమంటే పడదని కాదు. చిన్నప్పుడు లారీలకి ఎండుటాకు రంగు కొట్టి, తెల్ల అంచులు తీసి, వెనక డాలాకి చిలకలూ తామరలూ వేసిన షెడ్డులోనే పెరిగినవాడు. ఆయనకి పడనిది అలంకారం కోసం రేకుకి కొట్టే బెజ్జం. స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీ తుప్పు పట్టదు, నిజమే. దాన్ని బిగించడానికి డోరుకి వేసిన ప్రతి బెజ్జం చుట్టూ రంగు పగిలి మామూలు ఇనుము బయటపడుతుంది. రెండు లోహాల మధ్య చెమ్మ నిలిస్తే వాటిలో బలహీనమైనదే తుప్పు పడుతుంది, అంటే బండి రేకు. తొట్టి అడుగుకి అల్యూమినియం గళ్ల రేకు పరిపించుకోవాలని బాబాయి సరదాపడ్డాడు. దాని కింద నీళ్లు నిలిచి, పైకి కనబడకుండా అడుగంతా పోతుందని మేస్త్రి ఒప్పుకోలేదు. ముందు ఇనప గార్డు వద్దన్నాడు. క్రాష్ గార్డులు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనుకి విరుద్ధమని, కనబడితే చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకి రాసింది. గుద్దుకున్నప్పుడు అది ఆ దెబ్బని నేరుగా చాసిస్‌కి పంపుతుంది, రోడ్డు మీద నడిచేవాడికి ఇంకా ప్రమాదం. రంగు నీలానికి మార్చాలన్నా అంతే, ఆర్‌సీలో రాసున్న రంగూ బండి రంగూ ఒకటే ఉండాలి, కాబట్టి రవాణా ఆఫీసుకి వెళ్లి అక్కడా మార్పించాలి.

ఏం పెట్టుకోవచ్చో కూడా చెప్పాడు. కంపెనీ కొలతకి వచ్చే బంపరు, ఉన్న బోల్టులకే కూర్చునే గ్రిల్లు. ఎండకి పెళుసెక్కిన తలుపు రబ్బర్లు, అద్దాల బీడింగు మొత్తం కొత్తవి. ఎందుకంటే క్యాబిన్‌లోకి నీళ్లు దిగేది అక్కణ్ణుంచే. కొత్త మడ్‌ఫ్లాపులు. ముందు తెలుపు, పక్కలకి పసుపు, వెనక ఎరుపు రిఫ్లెక్టర్ టేపు. తెల్లవారుజామున మూడింటికి కాయతో మార్కెట్‌కి బయల్దేరే బండికి ఆ ఎర్రటేపు కంటే అందమైన నగ లేదని నేనూ అనుకుంటాను.

లెక్క రాసేటప్పుడు నాకు కోపం వచ్చింది, మేస్త్రి మీద కాదు. ఇలాంటి షెడ్డుకి వచ్చిన ప్రతివాడూ అడిగేది ఒకటే: రంగుకెంత? కంపెనీలో వేసిన పొరలన్నీ కలిపినా రంగు మందం మిల్లీమీటరులో పదో వంతు చుట్టూ ఉంటుంది. స్ప్రే గన్ను పట్టుకుని ఆ పొర కొట్టే పని ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. దానికి ముందు విప్పడం, గీకడం, కోయడం, అతకడం, సుత్తితో సరిచెయ్యడం, 80 నంబరు ఎమరీ నుంచి 800 దాకా మెట్టుమెట్టుగా రుద్దడం. ఇదంతా రోజుల తరబడి పని. దానికి బిల్లులో వేరే గీత ఉండదు. 'రంగు' అన్న ఒక్క మాట కింద అదంతా మాయమవుతుంది. బేరం చేసేవాడు కోసేది కనబడని ఆ పనినే. మేస్త్రి దగ్గర పనిచేసే కుర్రాడు మడ్‌గార్డు రుద్దుతూ పక్కవాడితో అంటుంటే విన్నాను: "గన్ను పట్టినోడికి పేరు, ఎమరీ పట్టినోడికి దుమ్ము." ఆ మాటలో వేళాకోళం లేదు. వచ్చే నెల డెలివరీ పనిలో చేరతానని కూడా చెప్పాడు.

ఆ దుమ్ము సంగతి చెప్పకుండా ఈ షెడ్డు గురించి రాయడం నాకు అన్యాయంగా తోస్తుంది. పాత లారీల పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో సీసం ఉండేది. ఇళ్లకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని 2016లో నిబంధనలు తెచ్చారు, 2017 నవంబరు నుంచి అవి అమల్లోకి వచ్చాయి. ఆ నిబంధనలు ఇళ్ల రంగులకి, అలంకరణ రంగులకి మాత్రమే. బండ్ల రంగులు, పరిశ్రమల రంగులు వాటి బయట ఉన్నాయి. అంటే గోడకి రంగు వేయించుకునే నన్ను చట్టం కాపాడుతోంది, ముప్పై ఏళ్ల లారీ రంగుని గీకే కుర్రాణ్ణి వదిలేసింది. ఇక ఇప్పుడు మెరుపు కోసం అందరూ అడిగే పీయూ (పాలీయూరెథేన్) రంగు. దాని హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి. స్ప్రే పెయింటర్లకి ఉబ్బసం తెచ్చే కారణాల్లో అవి పేరుమోసినవి. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే, ఆ తర్వాత కొద్దిపాటి ఆవిరికే ఊపిరి ఆడదు. మూతికి కట్టిన జేబురుమాలు వాటిని ఆపలేదు. బయటి నుంచి శుభ్రమైన గాలి పంపే మాస్కు కావాలి, గాలి లాగే గది కావాలి. ఆ షెడ్డులో ఉన్నవి ఒక పరదా, ఒక టేబుల్ ఫ్యాను. సాధారణంగా కనీసం పదిమంది పనిచేసే చోటికే ఈఎస్ఐ ఆరోగ్య బీమా తప్పనిసరి. నలుగురున్న షెడ్డు ఆ లెక్కలోకి రాదు. ఆటోనగర్‌లో ఇలాంటి చిన్న షెడ్లు వరుసలు వరుసలుగా ఉన్నాయి. ఒక్కో వీధికి ఒక ఉమ్మడి పెయింట్ బూత్ కట్టి గంటకింత అద్దె తీసుకోవడం పెద్ద పని కాదు. పట్టించుకోవాల్సినవాళ్లు పట్టించుకోవాలి, అంతే. ఐటీఐల్లో ఆటో బాడీ రిపేరుకి, ఆటో బాడీ పెయింటింగుకి విడివిడిగా కోర్సులున్నాయి. ఈ మేస్త్రి లాంటివాళ్లని అక్కడ పాఠం చెప్పడానికి పిలవాలి. గుడ్డ మీంచి రేకుని చదివే ఆ విద్య పుస్తకంలో ఎక్కదు, పక్కన నిలబడి ఏళ్ల తరబడి నేర్చుకోవాల్సిందే. నేర్చుకోవాల్సిన కుర్రాడేమో డెలివరీ సంచీ తగిలించుకోబోతున్నాడు.

నా ప్రశ్నలకి మేస్త్రి కాస్త విసుక్కున్నాడు. "అట్టా అనుకుంటే ఈ పని ఎవరు చేస్తారు సార్" అన్నాడు. ఆయన ధైర్యం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ ధైర్యాన్ని అడ్డం పెట్టుకుని మిగతా అందరం చౌకగా బతుకుతున్నామని కూడా నాకు స్పష్టంగా తెలుస్తోంది. మెరిసే బండికి మనం కట్టే ధరలో వాళ్ల ఊపిరి ధర లేదు.

బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. తొట్టి మూల విరిగిన రేకు ముక్కని చేత్తో తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత లెక్క కాగితం అడిగి తీసుకున్నాడు. స్టీలు పట్టీలు కొట్టేశాడు. గార్డు కొట్టేశాడు. గళ్ల రేకు కొట్టేశాడు. నీలం రంగు దగ్గర కాసేపు ఆగి దాన్నీ కొట్టేసి, తెలుపే ఉంచమన్నాడు. మిగిలిన డబ్బు అడుగు రేకుకీ ఎపాక్సీకీ సరిపోతుందా అని అడిగాడు. పీయూ వద్దని, తొట్టికి మామూలు ఎనామిల్ చాలని ఆయనే అన్నాడు. కాయ పెట్టెలు రాసుకునే చోట అద్దం మెరుపెందుకు? వెనక డాలా మీద తోట పేరు మాత్రం స్టిక్కరు వద్దు, చేత్తో రాయించమన్నాడు. అలా రాసే పెయింటరు పక్క వీధిలో ఇంకా ఉన్నాడని, కబురు చేస్తానని మేస్త్రి చెప్పాడు.

మాస్కు ఖర్చు కాగితంలో వేరే గీతగా రాయమని నేను అడిగాను. మేస్త్రి బాబాయి వైపు చూశాడు. "రాయండి మేస్త్రీ, రంగు ఖర్చు రాయడంలా?" అన్నాడు బాబాయి. రాశాడు. తలుపుల అడుగంచులు కోసి చూస్తేగానీ పూర్తి ఖర్చు చెప్పలేనని, లోపల ఇంకెంత పోయిందో ఎవరికీ తెలియదని మేస్త్రి అన్నాడు. ముందు కోయమన్నాడు బాబాయి.