అరటి మొదట్లో

జూన్ 18, రావులపాలెం
రాత్రి వాన దంచి కొట్టింది. గెల కోశాక నరికి పడేసిన బోదె ఒకటి గట్టు పక్కన సగం మెత్తబడి ఉంది. పట్ట ఊడదీస్తే నార పొడవునా తెల్లటి బూజు దారాలు పాకి కనిపించాయి. బోదెలో ఉన్న పొటాష్‌ని మళ్లీ మట్టికి ముట్టజెప్పే పనిలో ఈ దారాలకూ వాటా ఉంది. దాన్ని ఎండబెట్టి తగలబెట్టేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

జూన్ 27
అమృతపాణి తోట. అడుగాకులు అంచుల నుంచి పసుపెక్కి, తొడిమ దగ్గర విరిగి, బోదె చుట్టూ వేలాడుతున్నాయి. బోదె మొదట్లో నిలువునా చీలిక. రైతు కత్తితో దుంపను అడ్డంగా కోసి చూపించాడు. తెల్లటి కండలో ఇటుకరంగు చుక్కలు వలయంగా ఉన్నాయి.

"నీళ్లకేం లోటు లేదండి. ఎందుకు ఎండిపోతందో తెలీట్లేదు."

పనామా తెగులు. ఫ్యుజేరియం ఆక్సీస్పోరమ్ అనే శిలీంధ్రంలో అరటిని పట్టే రకం వేరుకొసల్లోంచి చొరబడి నీటినాళాల్లోకి చేరుతుంది. దాన్ని ఆపాలని చెట్టు తన నాళాలను తానే జిగురుతో మూసుకుంటుంది. కాలవ నిండా గోదావరి పారుతుంటే చెట్టు దాహంతో చచ్చిపోతుంది. ఈ సంగతి ఆయనకు చెబుతుంటే నాకే గొంతు పట్టుకుంది. అక్కడి పిలకలు ఎవరికీ ఇవ్వొద్దని మాత్రం గట్టిగా చెప్పాను.

జూన్ 28
అదే ఫ్యుజేరియం ఆక్సీస్పోరమ్ జాతికి చెందిన సాధు రకాలు ఆరోగ్యంగా ఉన్న అరటి వేళ్లలోనూ కాపురం ఉంటాయి. ఏ హానీ చేయవు. కొన్ని రకాలనైతే ఆ తెగులు మీదికే కాపలాగా వాడి చూస్తున్నారు. శిలీంధ్రం పేరు వినగానే మందు డబ్బా వెతకడం మానాలి.

జూలై 9
హార్టికల్చర్ కాలేజీలో పాఠాలు చెప్పే స్నేహితుడి దగ్గర మైక్రోస్కోప్‌లో అరటి వేరు చూశాను. క్షారంలో ఉడికించి, నీలిరంగు పట్టించిన పీచువేరు. ఒక్కో కణం లోపల కొమ్మలు విరిసిన బుల్లి చింతచెట్టులా నీలంగా ఒక ఆకారం. అది వేళ్లతో కలిసి బతికే మైకోరైజా శిలీంధ్రం. దాని దారాలు వేరు చేరలేని దూరం వరకు మట్టిలో వెళ్లి భాస్వరం తెస్తాయి. బదులుగా అరటి వాటికి చక్కెరలు, కొవ్వులు ఇస్తుంది. ఆ కొమ్మల ఆయుష్షు కొద్దిరోజులే. రాలిపోతాయి, పక్క కణంలో మళ్లీ పుడతాయి. ఎంతసేపు చూశానో!

జూలై 22
నర్సరీలో టిష్యూకల్చర్ జీ-9 రకం అరటి మొక్కలు. తెగులు లేని మొక్క కావాలంటే ఇదే దారి, అందులో అనుమానం లేదు. కానీ సీసాలో పెరిగిన మొక్కకు పిలకలా తల్లి దుంప నుంచి తోడొచ్చే సూక్ష్మజీవుల చుట్టాలు ఉండరు. ఒంటరిగా పొలానికి వస్తుంది. సంచుల్లో గట్టిపరిచే దశలోనే మైకోరైజా, ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రాలు కలిపితే ఆ లోటు కొంత తీరుతుంది. ప్రతి నర్సరీ చేయాల్సిన పని ఇది.

ఆగస్టు 14
పూజకు తెచ్చిన అరటిపళ్ల అత్తం మీద గోధుమ మచ్చలు. ఈ మచ్చలు తెచ్చే శిలీంధ్రం కాయ పచ్చిగా ఉండగానే తొక్కలోకి దిగి నోరు మూసుకుని కూర్చుంటుంది. పండు మాగడం మొదలయ్యాకే లేస్తుంది.

సెప్టెంబరు 3
లాటిన్ అమెరికాలో గ్రాస్ మిషెల్ అనే అరటి రకం తోటలను పనామా తెగులు ఊడ్చేశాక, 1950లు, 60లలో కావెండిష్ అరటి వచ్చి ఎగుమతి వ్యాపారాన్ని నిలబెట్టింది. ఇప్పుడు అదే తెగులు శిలీంధ్రంలో టీఆర్-4 అనే రకం ఆ కావెండిష్‌నే చంపుతోంది. 2019లో కొలంబియాలో బయటపడింది. మన దేశంలో బీహార్‌లోని కటిహార్, పూర్ణియా వైపు ఉంది. దాని బీజాలు మట్టిలో దశాబ్దాల పాటు బతుకుతాయి. కడప, అనంతపురంలో ఎటు చూసినా జీ-9, అంటే కావెండిషే. ఒకే రకం, ఒకే రక్తం. నా భయమంతా అదే.

సెప్టెంబరు 11
పులివెందుల నుంచి తెలిసిన రైతు ఫోన్ చేశాడు. బయటి ట్రాక్టర్ వస్తే టైర్లకున్న మట్టి కడిగించాకే తోటలోకి రానిస్తున్నాడట. "చాదస్తం అంటున్నారు సార్ ఊళ్లో." కానే కాదన్నాను. చెప్పులు, గడ్డపారలు కూడా కడిగించమన్నాను.