మా కుక్కల జట్టుకి మనుషులు కావాలి

మా చిన్నప్పుడు రాజపాళయంలో మన రాజుల వీధుల్లో తెల్లకుక్క లేని గుమ్మం తక్కువ. 2005లో తపాలా బిళ్ళమీదికీ ఎక్కిన జాతి! సంక్రాంతికి సంఘం మైదానంలో విన్యాసాలు చూపించే మా కుక్కల జట్టులో ఇప్పుడు మిగిలినవి రెండే. ఒకటి ముసలిదైంది, రింగులోంచి దూకమంటే మా మొహాలు చూస్తుంది.

నిరుడు ఓ బడిపిల్లాడు కుక్కపిల్లను తెచ్చాడు. దానికి చెవులు వినిపించవని వద్దన్నాం. ఈ జాతిలో కొన్ని పుట్టుచెవిటివని తెలిసీ అన్నాం. వాడు ఇంట్లోనే చేతిసైగలతో కూర్చోవడం, దొర్లడం, దూకడం నేర్పాడు. మొన్న చూసి సిగ్గుపడ్డాం. మావి గొంతు చించుకుంటే గానీ కదలవు.

బంధువులారా, వీధికుక్కయినా సరే, ఆదివారం ఎండెక్కకముందే తీసుకురండి. అరవడం మానేసి మేమూ సైగలు నేర్చుకుంటున్నాం. ఆ పిల్లాడింటికి వెళ్ళి జట్టులోకి రమ్మని అడిగాం. వాడింకా ఔననలేదు.