వసారాలోకి కాఫీలు

నాన్న పెద్దకర్మ అయిన సాయంత్రం చిన్నాన్న పొలం సంగతి ఎత్తాడు. అమ్మ వంటింట్లోంచి వచ్చి కూర్చుంది. ఏ సర్వే నెంబర్లో ఎన్ని సెంట్లు, ఎవరి కౌలు ఎన్ని బస్తాలు బాకీ, అడంగల్లో పేరు ఎప్పుడు మారింది, అన్నీ తడుముకోకుండా చెప్పింది. మాట విరుపు కూడా నాన్నదే.

"ఇవన్నీ నీకెవరు చెప్పారమ్మా?" అన్నాను రాత్రి.

"ఎవరు చెప్తారే! ముప్పైయేళ్లు ఆ వసారాలోకి కాఫీలు మోశాను కదా."

స్త్రీల కథల్లో మౌనం మీద పరిశోధన చేసేటప్పుడు మనస్తత్వశాస్త్రం కొంత చదివాను. మన ప్రవర్తనను దాని ఫలితాలే తీరుస్తాయంటాడు స్కిన్నర్. "ఎదురు చెప్పదు, బంగారుతల్లి" అనిపించుకుంటూ పెరిగిన మనకు అది కొత్త కాదు. ఆల్బర్ట్ బందూరా, డొరొథియా రాస్, షీలా రాస్ 1961లో స్టాన్‌ఫర్డ్‌లో 72 మంది పిల్లలతో చేసిన బోబో బొమ్మ ప్రయోగం కూడా చాలామందికి తెలిసిందే. పెద్దవాళ్లు బొమ్మను కొట్టడం చూసిన పిల్లలు తామూ కొట్టారు. (ఆ ఇద్దరు స్త్రీల పేర్లు తరచూ 'తదితరులు'లో కలిసిపోతాయి. అది వేరే కథ.)

అప్పట్లో నేను సరిగ్గా చదవనిది బందూరా 1965 ప్రయోగం. 66 మంది పిల్లలకు, బొమ్మను కొట్టిన మనిషి సినిమా చూపించారు. కొందరు చూసినదాంట్లో అతనికి మెప్పు, కొందరు చూసినదాంట్లో శిక్ష, ఇంకొందరు చూసినదాంట్లో ఏమీ లేదు. శిక్ష చూసినవాళ్లు తక్కువగా అనుకరించారు, అందులోనూ ఆడపిల్లలు మరీ తక్కువ. అక్కడితో ఆపేస్తే ఆడపిల్లల స్వభావమే అంత అని రాసుకునేవాళ్లం. కానీ తర్వాత, చూసింది చేసి చూపిస్తే పళ్లరసం, స్టిక్కర్లు ఇస్తామన్నారు. మూడు గుంపుల మధ్య తేడా పోయింది. ఆడ, మగ తేడా దాదాపు చెరిగిపోయింది. అందరూ నేర్చుకున్నారు. కొందరు బయటపెట్టలేదు, అంతే.

నా థీసిస్‌లో మా అమ్మల తరాన్ని 'జ్ఞానానికి బయట నిలబెట్టబడిన స్త్రీలు' అన్నాను. వైవాలో ఆ వాక్యాన్ని మెచ్చుకున్నారు కూడా. అది రాస్తున్నప్పుడు నా మనసులో ఉన్నది అమ్మే. బైండు చేసిన ఆ కాపీ ఇప్పుడు లైబ్రరీలో ఉంది.

అమ్మ నోరు తెరవడానికి నాన్న పోవాల్సి వచ్చిందా? ఆయనంటే ఆమెకు ప్రాణం. ఆ ప్రశ్న అలా అడగలేక, "నాన్న ఉండగా ఒక్క మాటైనా అనలేదేం?" అన్నాను.

"ఆయన లెక్క తప్పినప్పుడు రెండుసార్లు చెబుదామనుకున్నాను" అంది, దుప్పటి దులుపుతూ.

ఆ రెండుసార్లూ ఎప్పుడని నేనడగలేదు.