కొంగుముడిలో బిళ్లలు

అమ్మకి పదేళ్లుగా మోకాళ్ల నొప్పులు. నాట్లు వేసి, కలుపులు తీసి అరిగిన కాళ్లవి. పొద్దున్నే గడప దాటాలంటే గోడ పట్టుకోవాల్సిందే. ఊళ్లో మందుల షాపు కుర్రాడు 'ఇది వేసుకో మామ్మా' అంటూ ఇచ్చిన డైక్లోఫెనాక్ బిళ్ల మంత్రంలా పనిచేసింది. ఇక అక్కణ్నుంచి పరగడుపునే ఒకటి, రాత్రికి ఒకటి. నొప్పి మరీ ఎక్కువైతే ఆర్‌ఎంపీ గారి ఇంజెక్షన్.

నేనేమైనా వద్దన్నానా? లేదు. పైగా ఊరెళ్లినప్పుడల్లా నాలుగు స్ట్రిప్పులు కొని పట్టుకెళ్లేవాణ్ని. అమ్మ నొప్పి తగ్గిస్తున్నానని తృప్తి!

కిందటి సంక్రాంతికి ముగ్గు వేస్తూ అమ్మ కళ్లు తిరిగి పడిపోయింది. ఆస్పత్రిలో డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, 'విరోచనం తారులా నల్లగా అవుతోందామ్మా?' అని. అమ్మ సిగ్గుపడుతూ తలూపింది. వారం నుంచీ అలాగేనట. ఎవరికి చెప్పుకుంటుంది? 'ఏం మందులు వాడుతున్నారు?' అంటే కొంగుముడి విప్పింది. అందులో నేను కొనిచ్చిన స్ట్రిప్పు. సగం ఖాళీ.

కడుపులో పుండు పడి రక్తం పోతోందన్నారు. రెండు సీసాల రక్తం ఎక్కించారు.

నొప్పినీ వాపునీ కలిగించే ప్రోస్టాగ్లాండిన్లే జీర్ణాశయం లోపలి పొరనూ కాపాడతాయట. మూత్రపిండాలకు రక్తం సరిగా అందడానికీ అవే సాయపడతాయట. బిళ్ల వాటిని అడ్డుకుంటే నొప్పితోపాటు ఆ కాపలా కూడా పోతుంది. ఇంజెక్షనయినా అంతే, మందు చేరేది రక్తంలోకే కదా! అమ్మ గుండెకోసం వాడే ఆస్పిరిన్ తోడై ముప్పు ఇంకా పెరిగింది. కొన్ని రకాల బీపీ మాత్రలతో కలిస్తే కిడ్నీలకూ దెబ్బేనని డాక్టరుగారు హెచ్చరించారు. కడుపుకి హాని తక్కువని పేరు తెచ్చుకున్న రోఫెకాక్సిబ్‌ని గుండెపోటు భయంతో 2004లో మార్కెట్ నుంచే తీసేశారు. అంటే ఈ కోవలో ఏదీ పూర్తిగా నిరపాయం కాదన్నమాట. అసలు వాడకూడదని కాదు. అవసరమైనప్పుడు, తక్కువ మోతాదులో, తక్కువ రోజులు, అదీ డాక్టరుకి మన మందులన్నీ చూపించాకే.

ఇప్పుడు అమ్మకి వేడినీళ్ల కాపడం, తొడ కండరాలకు వ్యాయామం. తప్పదనుకుంటే డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్. నొప్పి పూర్తిగా పోలేదు. కానీ గోడ పట్టుకునైనా నడుస్తోంది.

ఇదివరకు ఫోన్ చేస్తే 'నొప్పి తగ్గిందామ్మా?' అనేవాణ్ని. ఇప్పుడు ముందు 'ఏం వేసుకున్నావమ్మా?' అని అడుగుతున్నాను. మీరూ ఓసారి మీ అమ్మని అడగండి.